లేబుల్ మీది కొండ: మసాట్లాన్‌లో పసిఫికో వెంట

మెక్సికన్ బీరు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది కరోనా. తెల్లగాజు సీసా, మూతిలో దూర్చిన నిమ్మముక్క. హైదరాబాద్ పబ్బుల్లో అదే, అరిజోనాలో మా తెలుగువాళ్ల బార్బెక్యూల్లో అదే. నాకు మాత్రం చాలాకాలంగా పసిఫికో అలవాటు. గోధుమరంగు సీసా, పసుపు లేబుల్. లేబుల్ మధ్యలో ఓడల మీద ఉండే లైఫ్‌బాయ్ చక్రం, ఆ చక్రంలో ఒక కొండ. ఆ కొండ నిజంగా ఉంది. మెక్సికో పసిఫిక్ తీరంలో సినలోవా రాష్ట్రపు రేవు పట్నం మసాట్లాన్ ముంగిట్లో నిలబడి ఉంటుంది. ఎక్కి చూడొచ్చు కూడా.

థ్యాంక్స్‌గివింగ్ సెలవులకు కాకినాడ నుంచి మా అక్కాబావా మా ఇంటికి వచ్చి ఉన్నారు. అమెరికా వీసా ఉన్న ఇండియన్ పాస్‌పోర్టుకు మెక్సికో వీసా వేరే అక్కర్లేదని చెప్పగానే బావ బట్టలు సర్దేశారు. అక్క మాత్రం "సముద్రం చూడ్డానికి కాకినాడ నుంచి ఇంత దూరం రావాలా?" అని మా ఆవిడతో ఇంట్లోనే ఉండిపోయింది. బావకు ఏటిమొగ దగ్గర ఐస్ ఫ్యాక్టరీ ఉంది, రొయ్యల బోట్లకు దిమ్మలు సప్లై చేస్తారు. బీరు తాగేది తక్కువ, దాని చల్లదనం గురించి మాట్లాడేది ఎక్కువ. ఈ ప్రయాణానికి అంతకన్నా మంచి తోడు దొరకదు.

బుధవారం సాయంత్రం, ఒలాస్ ఆల్టాస్

పాతబస్తీ సముద్రపు ఒడ్డును ఒలాస్ ఆల్టాస్ అంటారు. అక్కడికి పుల్మోనియా ఎక్కాం. తలుపులు, కిటికీలు లేని చిన్న తెల్లబండి. 1965 నుంచి ఈ ఊళ్లో టాక్సీలుగా తిరుగుతున్నాయి, ఇంకెక్కడా కనపడవు. ఆ పేరుకు అర్థం న్యుమోనియా. గాలి అంతలా కొడుతుందని పోటీ టాక్సీవాళ్లు వెక్కిరిస్తే అదే పేరు నిలిచిపోయిందట. మీటర్ ఉండదు, ఎక్కే ముందే బేరం. డ్రైవర్ 200 పెసోలు అన్నాడు. బావ వేళ్లతో 100 చూపించారు. ఇద్దరూ నవ్వుకుని 150కి ఒప్పుకున్నారు. పెసో అంటే సుమారు ఐదు రూపాయలు. డ్రైవర్ పాట సౌండ్ పెంచాడు. దారి పొడవునా ట్యూబా, డ్రమ్ములు, క్లారినెట్లు.

గోడకు ఆనుకుని వేసిన బల్లల దగ్గర కూర్చున్నాం. పక్క బల్లవాళ్లు తింటూ ఉంటే వాళ్లను దాటి వెళ్లే ప్రతివాడూ "ప్రొవేచో" అంటున్నాడు. హాయిగా తినండి అని. పరిచయం అక్కర్లేదు. రెండోసారి ఎవరో మాకూ అనేసరికి బావ లేచి దండం పెట్టబోయారు.

వెయిటర్‌ని పసిఫికో అడిగితే "మీడియానా, బయేనానా?" అన్నాడు. మీడియా అంటే మామూలు సీసా. బయేనా అంటే తిమింగలం, 940 మిల్లీలీటర్లది. మెక్సికోలో మిగతాచోట్ల ఈ సైజు సీసాను తాబేలు పేరుతో కగ్వామా అంటారు. ఇక్కడ మాత్రం తిమింగలమే. ధర 95 పెసోలు. సీసా ఐస్ బకెట్‌లో వచ్చింది, దాంతో రెండు చిన్న గ్లాసులు. గ్లాసు చిన్నది ఎందుకో రెండో రౌండ్‌లో అర్థమైంది. కొంచెం కొంచెం పోసుకుంటే గ్లాసులోది వేడెక్కేలోపు అయిపోతుంది, మిగిలింది ఐస్‌లోనే ఉంటుంది. బావ బకెట్‌లో చెయ్యి పెట్టి ఒక ముక్క తీసి దీపం వెలుగులో చూశారు. "మధ్యలో తెల్లమచ్చ లేదు చూడు. మంచి నీళ్లు పోశారు" అన్నారు. బీరు రుచి గురించి మాత్రం ఏమీ అనలేదు.

నిమ్మకాయ అడిగితే గిన్నెలో పచ్చగా చిన్నవి నాలుగు ముక్కలు, పక్కన ఉప్పు. సీసా మూతిలో దూర్చుకున్నవాళ్లు చుట్టుపక్కల ఒక్కరూ కనపడలేదు. గ్లాసు అంచుకు రాసుకుని ఉప్పు అద్దుకుంటున్నారు, లేదంటే గ్లాసులో పిండుకుంటున్నారు. కొందరి గ్లాసుల్లో బీరు ఎర్రగా ఉంది. టమాటా రసం, సోయా సాస్, మ్యాగీ సాస్ చుక్కలు, కారం కలిపే మిచెలాడా అది. బావ ఒక గుక్క తాగి "రసంలో సోడా పోసినట్టుంది" అని నా వైపు జరిపారు. నాకు నచ్చింది.

తిన్నాక ఒడ్డు వెంట ఉత్తరంగా నడిచాం. మసాట్లాన్ మాలెకోన్, అంటే సముద్రపు ఒడ్డు నడకదారి, 20 కిలోమీటర్లు దాటుతుంది. అడుగడుగునా విగ్రహాలు. ఒకచోట పుల్మోనియాకే స్మారకం కట్టారు. ఇంకోచోట మనిషికన్నా ఎత్తున రాగి గంగాళం, బీరు కాచేది. అది పసిఫికో బ్రూవరీ స్మారకం. ఆ ముక్క రోడ్డు పేరు పసేయో క్లావ్‌సెన్. జార్జ్ క్లావ్‌సెన్ అనే జర్మన్ వ్యాపారి పేరది, హోర్హే అని ఇక్కడివాళ్లు పిలుచుకున్నారు. ఒడ్డున ఈ రోడ్డు రావడానికి పూనుకున్నది ఆయన. 1900లో ఈ ఊళ్లో బీరు ఫ్యాక్టరీ పెట్టిన జర్మన్లలోనూ ఆయన ఒకడు.

జర్మన్లు ఇక్కడికి బీరు కోసం రాలేదు. 19వ శతాబ్దంలో వెనక కొండల్లో వెండి, బంగారం గనులు. వాటికి కావలసిన ఇనుపసామాను, యంత్రాలు ఓడల్లో ఈ రేవులో దిగేవి, ఆ వ్యాపారంలో పెద్దవాటా జర్మన్ కంపెనీలది. డబ్బు కుదిరాక దాహం గుర్తొచ్చిందన్నమాట. దేశమంతా ఇదే వరస. టొలూకాలో విక్టోరియా బీరు పుట్టింది 1865లో, పెట్టినవాడు స్విస్ వలసదారుడు. మాంటెర్రేలో 1890లో కార్తా బ్లాంకా. ఒరిసాబాలో విల్హెల్మ్ హాసే అనే జర్మన్ 1897లో రాబోయే ఇరవయ్యో శతాబ్దం పేరుతో ఒక బీరు దించాడు. ఇవాళ సీసా మీద కనపడే రెండు ఎక్స్‌లు ఆ రోమన్ అంకెలే, డోస్ ఎక్విస్ అదే. కరోనా వీటన్నిటి ముందు చిన్నపిల్ల. మెక్సికో సిటీలో మోడెలో కంపెనీ 1925లో మొదలుపెట్టింది.

గురువారం ఉదయం, క్రెస్తోన్ కొండ

ఎండ ముదరకముందే వెళ్లమని హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పింది. నవంబర్ చివర కదా అని తేలిగ్గా తీసుకోకూడదు, కర్కట రేఖకు కొంచెం దిగువనే ఉంటుంది ఈ ఊరు. క్రెస్తోన్ ఒకప్పుడు ద్వీపం. రాళ్లు పోసి గట్టు కట్టి ఊరికి కలిపారు. మొదట మట్టిదారి వంకర్లు తిరుగుతూ పోతుంది, ఆపైన మెట్లు. పొద్దున్నే ఎక్కేవాళ్లలో సగం మంది ఊరివాళ్లే. స్కూలు టీచర్లలా కనపడే ఆడవాళ్లు, రబ్బరు చెప్పులతో ముసలాయన, కుక్కను లాక్కుంటూ ఒక కుర్రాడు. ఎదురుపడితే "బ్యేనోస్ దియాస్" అనకుండా పోరు. మెట్ల మొదట్లో బావ "ఏమోయ్, బీరు సీసా మీద బొమ్మ చూడ్డానికి ఇంత ఎక్కాలా?" అన్నారు. సగం దూరంలో మాట ఆగిపోయింది.

పైన లైట్‌హౌస్ 1879 నుంచి పని చేస్తోంది. భవనం ఎత్తు పెద్దదేం కాదు, మనూళ్లో రెండంతస్తుల ఇల్లంత. కొండ ఎత్తు కలిసొచ్చి దీపం సముద్రానికి 157 మీటర్ల పైన వెలుగుతుంది. సహజమైన ఎత్తు మీద ఉన్న లైట్‌హౌస్‌లలో జిబ్రాల్టర్ తర్వాత మాదే అని ఊరివాళ్లు గర్వంగా చెప్తారు. పక్కన ఇటీవల అద్దాల వంతెన ముక్క ఒకటి కట్టారు, ఫోటోలకు. బావ దాని మీద అడుగు పెట్టలేదు. "కింద రాయి కనపడుతుంటే పైన నిలబడ్డం ఎందుకు" అన్నారు.

అక్కడి నుంచి రేవు మొత్తం అరచేతిలో ఉంటుంది. ఒకవైపు బహుళ అంతస్తుల క్రూయిజ్ ఓడ. దాని పక్కన బాహా కాలిఫోర్నియాలోని లా పాస్‌కు వెళ్లే ఫెర్రీ. దూరంగా రొయ్యల బోట్ల వరస, రెండు చేతులూ చాపినట్టు ఇనుప బూములు. బావ ఫోన్‌లో జూమ్ చేసి బోట్లే చూశారు, క్రూయిజ్ ఓడ వైపు తిరగలేదు.

నాకు ఆ ఫెర్రీ ముఖ్యం. పసిఫికో అమెరికాకు చేరిన కథ అది వెళ్లే బాహాలోనే మొదలవుతుంది. ఈ బీరు మొదట్లో ఈ తీరం దాటి పెద్దగా పోలేదు. అలల కోసం బాహా ద్వీపకల్పం పొడవునా వ్యాన్లలో తిరిగే కాలిఫోర్నియా సర్ఫర్లు 1970ల్లో దీన్ని రుచి చూసి డిక్కీల్లో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్లారని కంపెనీ చెప్పుకుంటుంది. ప్రకటనకు బాగా పనికొచ్చే కథే. కానీ నమ్మకూడనిది కాదు. ఎందుకంటే ఈరోజుకీ శాన్ డియేగో వైపు పసిఫికో తాగేవాళ్లు తమను కరోనావాళ్లతో కలపడం ఒప్పుకోరు. కరోనా హోటల్ బీచ్‌ది, పసిఫికో పడవలు లాగే బీచ్‌ది అన్న లెక్క వాళ్లది.

సీసా పట్టుకుని పైకి ఎక్కనివ్వరు. కాబట్టి లేబుల్‌ను ఫోన్‌లో పెట్టి కొండతో పోల్చి చూడాలంటే దిగి రేవు వైపు నుంచి చూడాలి. దిగాక చూశాం. మూపురం వంపు అచ్చం అదే.

గురువారం మధ్యాహ్నం, చాంగేరాస్ వీధి

రొయ్యలమ్మే ఆడవాళ్లను ఇక్కడ చాంగేరాస్ అంటారు. పాత బజారుకు దగ్గరలో ఒక వీధి మూల రంగురంగుల గొడుగుల కింద టబ్బులు పెట్టుకుని కూర్చుంటారు. అక్టోబర్ నుంచి వేట సీజన్ కాబట్టి సరుకు పొంగిపోతోంది. బావ అక్కడ నన్ను మర్చిపోయారు. తలకాయ పట్టుకుని చూడ్డం, వాసన చూడ్డం, తోక నొక్కి చూడ్డం. ఒకావిడ ముందు అనుమానంగా చూసి, తర్వాత అర్థమై, తనే మంచివి ఏరి ఇవ్వడం మొదలుపెట్టింది. ఫోన్‌లో అనువాదం పెట్టి నేను మధ్యవర్తిని.

"ఇవేంటో తెలుసా?" అన్నారు బావ, ఒక తెల్లరొయ్యను ఎత్తి. "వనామీ."

నిజమే. మన చెరువుల్లో పెరిగే వనామీకి పుట్టిల్లు ఈ తీరమే. సొనోరా నుంచి పెరూ దాకా పసిఫిక్ ఒడ్డున సహజంగా ఉండే రొయ్య అది. ఇండియాలో సాగుకు అనుమతి వచ్చింది 2009లో. కొన్నేళ్లలోనే టైగర్ రొయ్యను పక్కకు నెట్టేసి గోదావరి, కృష్ణా జిల్లాల చెరువులను ఆక్రమించింది. బావ ఫ్యాక్టరీ రెండో యూనిట్ వేసింది ఆ డబ్బుతోనే. చెరువుది కాకుండా సముద్రంలో పట్టిన వనామీని ఆయన చూడ్డం ఇదే మొదలు. "కౌంట్ ముప్పై ఉంటుంది" అన్నారు. కేజీకి ముప్పై అని. తూకం వేసి లెక్కపెడితే ముప్పైరెండు. చాంగేరా ఆవిడ మెచ్చుకోలుగా ఏదో అంది, ఫోన్ దాన్ని "మీరు దొంగ" అని అనువదించింది. కేజీ 220 పెసోలు.

కొన్న రొయ్యను పక్క సందులో చిన్న హోటళ్లవాళ్లు వండి పెడతారు. మేం ఒకదాంట్లోకి వెళ్లి అగ్వాచీలే చెయ్యమన్నాం. వండడం అనకూడదేమో, పొయ్యి వెలిగించరు. రొయ్యను వెన్ను దాకా చీల్చి పరిచి, నిమ్మరసం, ఉప్పు, చిల్తెపీన్ అనే గుండ్రటి చిట్టిమిరప నూరి పోస్తారు. పైన కీర ముక్కలు, ఎర్రఉల్లి. నిమ్మరసంలో నానబెట్టి ఆగరు, వెంటనే బల్ల మీదకు. బావ పచ్చిరొయ్య తినరనుకున్నాను. "ఐస్ ఎంతసేపు పెట్టారో నేను చూశానుగా" అని మొదటి ముక్క ఆయనే తీశారు. చిల్తెపీన్ గుంటూరు మిర్చిలా నిలిచి మండదు. గుప్పుమని వచ్చి వెళ్లిపోతుంది. ఆ వెళ్లిపోయే ముందు క్షణంలో బీరు కావాలి. ఏ బీరయినా సరిపోదు అక్కడ. చేదు ఎక్కువున్నది అయితే మంట ఇంకా పెరుగుతుంది, తియ్యటిది అయితే నిమ్మపులుపుతో గొడవ పడుతుంది. పసిఫికో లాంటి తేలిక లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) ఎందుకు ఈ ఊళ్లో నూరేళ్లు దాటి నిలబడిందో ఆ ప్లేటు ముందు అర్థమైంది. బీరు తెలిసినవాళ్లు దీన్ని గొప్పది అనరు. నేనూ అనను. ఈ తిండికి సరిగ్గా సరిపోతుంది, అంతే.

మార్పుగా బావ టెకాటే అడిగారు, పొద్దున షాపులో ఎర్రడబ్బా చూసి. లేదన్నారు. పక్క హోటల్లోనూ లేదట. గోడ మీద బోర్డు, ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్రిజ్ అన్నిటి మీదా పసిఫికో ముద్ర. మెక్సికోలో బీరు వ్యాపారం చాలాకాలం ఇలాగే నడిచింది. కంపెనీ కుర్చీలు, బోర్డులు, ఫ్రిజ్ ఇస్తుంది, హోటల్ దాని సరుకే అమ్ముతుంది. దేశమంతా కలిపి ఉన్నవి రెండే పెద్ద కంపెనీలు, పసిఫికో అమ్మే మోడెలో, టెకాటే అమ్మే కువౌతెమోక్. 2013లో పోటీ నియంత్రణ సంఘం ఇలాంటి ఒప్పందాలకు పరిమితి పెట్టింది. మోడెలో తన సరుకు అమ్మే చోట్లలో నాలుగోవంతుకు మించి ఈ షరతు పెట్టకూడదంది. ఆ సందుకు ఆ వార్త ఇంకా చేరినట్టు లేదు. అడిగిన బ్రాండు దొరక్కపోవడం బావకు కొత్తేం కాదు కాబట్టి ఆయన పట్టించుకోలేదు.

శుక్రవారం, గాబ్రియేల్ లేవా రోడ్డు

బ్రూవరీ చూద్దామని సిటీ బస్సెక్కాం. 12 పెసోలు, డ్రైవర్ చేతికే. తప్పు బస్సు. అది రైల్వే లైను దాటి కాలనీల్లోకి పోయింది. బస్సులో ఒక అవ్వ మేం కిటికీలోంచి అటూ ఇటూ చూడ్డం గమనించి, డ్రైవర్‌ను ఆపి, తనూ దిగి, మమ్మల్ని ఇంకో బస్సు ఎక్కించి గానీ వెళ్లలేదు. ఆ బస్సుకు డబ్బులు కూడా తనే ఇవ్వబోయింది. బావ చేతిలో చేయి వేసి ఆపారు.

ఫ్యాక్టరీ ఊళ్లోనే ఉంది, రేవుకు దగ్గర. లోపలికి వెళ్లాలని మేం ప్రయత్నించలేదు. బయట నిలబడితే చాలు, ఉడికించిన మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) వాసన రోడ్డు మీదకి వస్తుంది. జొన్నగంజి వాసనకు దగ్గర. లారీలు బార్లు తీరి ఉన్నాయి, అన్నిట్లో ఖాళీ బయేనా సీసాలు పసుపు క్రేట్లలో. బావ దృష్టి గోడవతల కూలింగ్ టవర్ల మీద పడింది. లాగర్ పులియడానికి పది డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి, తర్వాత వారాల తరబడి సున్నాకు దగ్గరగా నిలవ ఉంచాలి అని చెప్పాను. "అయితే ఈ ఎండల్లో 1900లో వీళ్లు ముందు పెట్టింది మెషీన్ రూమే అయ్యుంటుంది. బీరు తర్వాత" అన్నారు. అమోనియాతో చల్లబరిచే యంత్రాలు 19వ శతాబ్దం చివరికి వ్యాపారస్థాయికి వచ్చాయి. అంతకు ముందు ఇలాంటి వేడి రేవుల్లో లాగర్ తయారుచేయడం దాదాపు అసాధ్యం. మెక్సికోలో బ్రూవరీలు చాలావరకు ఆ కాలంలోనే పుట్టుకురావడానికి రైలుమార్గాలతో పాటు అదీ ఒక కారణం.

ఎదురుగా చిన్న కొట్లో నీడకు కూర్చున్నాం. కొట్టాయన ఒకప్పుడు ఫ్యాక్టరీలో లోడింగ్ చేశాడట. "మా బీరు" అన్నాడు, మాటమాటకీ. కాగితాల ప్రకారం ఈ ఊరిది కాక చాలాకాలమైంది. 1954లో మెక్సికో సిటీ మోడెలో దీన్ని కొనేసింది. 2013లో బెల్జియం కేంద్రంగా ఉన్న ఏబీ ఇన్‌బెవ్ మోడెలోలో మిగిలిన వాటాను 20.1 బిలియన్ డాలర్లకు కొన్నది. అప్పుడు అమెరికా న్యాయశాఖ అడ్డు పడింది. అక్కడ బడ్‌వైజర్ అమ్మే ఈ కంపెనీయే కరోనానూ అమ్మితే పోటీ ఏముంటుందని. రాజీలో భాగంగా అమెరికాలో మోడెలో బ్రాండ్ల హక్కులన్నీ కాన్స్‌టెలేషన్ అనే వేరే కంపెనీకి పోయాయి, వాటితో పాటు సరిహద్దు దగ్గర నావాలోని బ్రూవరీ కూడా. 2023లో అమెరికాలో అమ్మకాల విలువలో బడ్ లైట్‌ను దాటేసిన మోడెలో ఎస్పెషల్ కూడా ఆ కాన్స్‌టెలేషన్ చేతిలోదే.

దీని అర్థం ఏమిటంటే, నేను అరిజోనాలోని చాండ్లర్‌లో కొనే పసిఫికో ఈ కొండ నీడన తయారవదు. లేబుల్ అదే, కంపెనీ వేరు, ఫ్యాక్టరీ వేరు. రుచిలో తేడా ఉందా అని ఇక్కడ కావాలని నిదానంగా తాగి చూశాను. నా నాలుకకు దొరకలేదు. ఇంకో సంగతి బావకు బాగా నచ్చింది. మన దగ్గర నాకౌట్ బీరు తయారుచేసేదీ ఏబీ ఇన్‌బెవ్ కంపెనీయే. "అయితే ఈ కొట్టాయనా, మా వీధి చివర వైన్‌షాపు వెంకట్రావూ ఒకే దొర దగ్గర పని చేస్తున్నారన్నమాట" అన్నారు. అనువాదం చేసి చెప్తే కొట్టాయన నాకౌట్ ఎంత స్ట్రాంగ్ అని అడిగాడు. ఎనిమిది శాతం దాకా ఉంటుందంటే ఈల వేశాడు. పసిఫికో నాలుగున్నర.

ఆయన చెప్పిన వాటిలో నాకు బాగా గుర్తున్నది 2020 సంగతి. కోవిడ్ మొదట్లో బీరు అత్యవసర సరుకు కాదని ప్రభుత్వం దేశమంతా బ్రూవరీలు ఆపించింది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న ఈ కొట్లోనే బీరు లేదు. నల్లబజారులో రెండింతల రేటు పలికిందట. "వాసన రాని రోజులు అవే" అన్నాడు. సీసా గురించి కూడా ఒక మాట అన్నాడు, అది నిజమే. తెల్లగాజు సీసాలో ఎండ తగిలితే బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వులోని పదార్థం విరిగి బీరుకు ఒక ముక్కు మూసుకునే వాసన వస్తుంది, గోధుమరంగు గాజు ఆ వెలుతుర్ని చాలావరకు ఆపుతుంది. కరోనాకు నిమ్మముక్క అందుకే కావాలి, మాకు అక్కర్లేదు అని ఆయన తీర్పు. చివరి సగం పక్షపాతం అనుకోండి.

అక్కడే రెండు బయేనాలు కొన్నాం. ఒక్కోటి 46 పెసోలు, సీసాకు డిపాజిట్ విడిగా 15. చీటీ పోగొట్టొద్దు, చీటీ లేకపోతే ఏ కొట్లోనూ సీసాకు డబ్బు వెనక్కివ్వరని రెండుసార్లు చెప్పాడు.

శుక్రవారం రాత్రి, ప్లాజుయేలా మచాదో

పొడుగ్గా చెప్పడానికేం లేదు. అందమైన చిన్న చౌకు, చుట్టూ రంగుల ఇళ్లు, టూరిస్టు రేట్లు. మీడియా సీసాకు 70 పెసోలు. పక్కనే ఆంజెలా పెరాల్టా పేరుతో థియేటర్. ఆ గాయని 1883లో పాడ్డానికి ఈ ఊరొచ్చి, పాడకముందే ఎల్లో ఫీవర్‌తో చనిపోయింది. ఆమె బృందంలో చాలామందిదీ అదే గతి. బిల్లు మనం అడిగేదాకా తేరు ఇక్కడ, తేవడం మర్యాద కాదు. మేం అడగడానికి సిగ్గుపడి అరగంట ఊరికే కూర్చున్నాం.

శనివారం, ఇస్లా దె లా పియెద్రా

పేరు రాతి ద్వీపం, నిజానికి ద్వీపకల్పం. రేవు కాలువ దాటాలి. పడవకు రానుపోను 50 పెసోలు. అవతల మైళ్ల పొడవు కొబ్బరితోట, ఒడ్డున తాటాకు లాంటి పందిళ్లు. పడవ దిగగానే బావ "కోనసీమ" అన్నారు, ఇంకేం అనలేదు చాలాసేపు.

పందిట్లో పెస్కాదో సరందేయాదో చెప్పాం. చేపను సీతాకోకలా తెరిచి, మసాలా పూసి, బొగ్గుల మీద కాల్చేది. కేజీన్నర చేప 420 పెసోలు. ఇద్దరికీ ఎక్కువే అయింది. బయేనాలు బకెట్లో. శనివారం కదా, ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో ఇక్కడే ఉంది. అమ్మమ్మలు కుర్చీలో కూర్చుని చిన్న గ్లాసుతో బీరు తాగుతుంటే మనవలు ఇసుకలో దొర్లుతున్నారు. ఆడవాళ్లు తాగడం ఇక్కడ గుసగుసల విషయం కాదు. బావ ముందు చూపు తిప్పుకున్నారు. తర్వాత అలవాటు పడ్డారు.

మధ్యాహ్నానికి బాందా దిగింది. పది పదిహేను మంది, ఒకే రంగు చొక్కాలు. ట్రంపెట్లు, ట్రోంబోన్లు, క్లారినెట్లు, పొట్ట మీద మోసే ట్యూబా, తంబోరా అనే పెద్ద డ్రమ్ము. బీరు తెచ్చిన జర్మన్ల ప్రభావమే ఈ సంగీతంలోనూ ఉందంటారు, పోల్కా నడక వినగానే తెలుస్తుంది. దీన్ని ప్రపంచానికి తెలిసేలా చేసిన బాందా ఎల్ రెకోదో ఈ జిల్లా పల్లెలోనే 1938లో పుట్టింది, క్రూస్ లిసార్రాగా పెట్టాడు. పాటకు ఇంత అని డబ్బు. మా పక్క కుటుంబం వరసగా ఐదు పాటలు పాడించుకుంది. రెండు బాందాలు పక్కపక్క పందిళ్లలో వేర్వేరు పాటలు అందుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 2024 మార్చిలో హోటళ్లవాళ్లు ఈ గోల విదేశీ టూరిస్టులకు ఇబ్బంది అని ఫిర్యాదు చేశారు. వాద్యకారులు వందల మంది వాయిస్తూ రోడ్డెక్కారు, పోలీసులతో గొడవ కూడా అయింది. ఊరు దాదాపు మొత్తం వాద్యకారుల వైపే నిలబడింది. నా చెవులు హోటళ్ల వైపు, మనసు వీళ్ల వైపు.

పక్క కుటుంబం పెద్దాయన మా బకెట్ చూసి, ఐస్ కరిగిపోయిందని తనది సగం మా దాంట్లో ఒంపాడు. బావ వెంటనే లేచి, ఐస్ పైన పోయకూడదు, సీసా చుట్టూ కింద నుంచి నింపి గుప్పెడు ఉప్పు చల్లాలని చేసి చూపించారు. కాసేపట్లో సీసా మీద మంచు పట్టింది. పందిట్లో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మాకు బిల్లులో రెండు బయేనాలు కనపడలేదు, పెద్దాయన కట్టేశాడు. బావ బదులుగా బాందాకు ఒక పాట డబ్బులు ఇచ్చారు, 250 పెసోలు. ఏ పాట అని అడిగితే "గట్టిది" అన్నారు.

ఆదివారం ఉదయం

విమానం మధ్యాహ్నం. పొగబెట్టిన మార్లిన్ చేప టాకోలు రోడ్డుపక్క బండి మీద తిన్నాం, ఒక్కోటి 30 పెసోలు. ఈ ఊరి తిండిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే, అగ్వాచీలే కన్నా కూడా. తర్వాత ఖాళీ సీసాలు వెనక్కివ్వడానికి హోటల్ దగ్గర కొట్టుకు వెళ్లాం. చీటీ చూపించాం. అది వేరే కొట్టు చీటీ, చెల్లదు అంది అక్కడి అమ్మాయి. ముప్పై పెసోల కోసం ఫ్యాక్టరీ దాకా పుల్మోనియాలో వెళ్తే నూట యాభై అవుతుందని లెక్క చెప్పాను. బావ వినలేదు. లైన్లో మా వెనక ఉన్నాయన బయేనా కొనడానికి వచ్చాడు, చేతిలో ఖాళీ సీసా లేదు. సీసా ఇస్తే డిపాజిట్ కట్టక్కర్లేదు కదా. బావ మా రెండు సీసాలూ ఆయన ముందు పెట్టి, మూడు వేళ్లు చూపించి, సున్నా గీశారు. ఆయన ఇరవై ఐదు తీసి ఇచ్చాడు. బావ కాసేపు చూసి తీసుకున్నారు.